బండి బాగోగులు: నాన్నగారి జీపుకి టర్బో పెట్టించవచ్చా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా టర్బో గురించే, అంటే ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా కుక్కే పరికరం గురించే. వానలు తగ్గి, బెంగళూరు చుట్టుపక్కల గుట్టలెక్కే కాలం మొదలైంది కాబట్టి కావచ్చు. ఒక ఉత్తరానికి ఈసారి వివరంగా జవాబు రాస్తున్నాను. అదే ప్రశ్న అడిగిన మిగతావాళ్లూ దాన్నే తమ జవాబుగా చదువుకోవాలి.

ప్రశ్న: మాది మదనపల్లె. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. నాన్న 1995లో కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆయన పోయాక అమ్మడానికి మనసొప్పలేదు. ఊరికి వెళ్లినప్పుడు హార్స్‌లీ హిల్స్ ఎక్కిస్తే రెండో గేరులో కూడా మూలుగుతుంది, వెనకాల నల్లటి పొగ. చూడ్డానికి బాగుంటుందని 31 అంగుళాల టైర్లు వేయించాను. జె.సి. రోడ్డు దగ్గర ఒక షెడ్డులో అడిగితే, టర్బో పెడితే కొత్త థార్‌లా లాగుతుందన్నారు. 85 వేలు చెప్పారు. పెట్టించమంటారా సార్? అంత పాత ఇంజన్ తట్టుకుంటుందా?
ఒక పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్తాను. ఇప్పుడున్న స్థితిలో ఆ ఇంజన్‌కి టర్బో వద్దు. నల్ల పొగ గురించీ, 31 అంగుళాల టైర్ల గురించీ మీరు రాసిన మాటల్లోనే సగం కారణం ఉంది. ఆ బండికి ఉన్న బలమే చక్రాల దాకా పూర్తిగా రావట్లేదు.

మీ జీపులో ఉన్నది ప్యూజో డిజైన్ చేసిన ఎక్స్‌డిపి 4.90 ఇంజన్. 2112 సీసీ, కొత్తలో 62 హార్స్‌పవర్. విల్సన్ గార్డెన్‌లో నేను డీజిల్ పంపుల పని నేర్చుకున్న రోజుల నుంచీ ఈ ఇంజన్ల పంపులూ, డీజిల్ చిమ్మే నాజిళ్లూ నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. మొండి ఇంజన్, సరిగ్గా చూసుకుంటే చాలా కాలం నడుస్తుంది. కానీ ఆ 62 అనే లెక్క సముద్ర మట్టం దగ్గరిది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి సుమారు పదో వంతు పలచన. హార్స్‌లీ హిల్స్ పైన 1,200 మీటర్లు దాటుతుంది, అక్కడ ఇంకా పలచన. గాలి తగ్గినా పాత మెకానికల్ పంపుకి ఆ సంగతి తెలియదు, అదే కొలత డీజిల్ పోస్తూనే ఉంటుంది. పూర్తిగా కాలని ఆ డీజిలే మీ వెనకాల కనబడే నల్ల పొగ. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో బండి తెచ్చుకున్నవాళ్లు ఇక్కడికొచ్చాక లాగట్లేదని అంటుంటారు. అందులో కొంత భాగం ఈ ఊరి ఎత్తుదే.

ఇక టైర్లు. 540కి కంపెనీ ఇచ్చిన 6.00-16 టైరు ఎత్తు 29 అంగుళాల లోపే. దాని బదులు 31 వేస్తే ప్రతి గేరూ ఏడెనిమిది శాతం బరువెక్కినట్టే. పైగా టైరు బరువు కూడా పెరిగింది. ఎత్తు వల్ల పది శాతం, టైర్ల వల్ల ఏడెనిమిది, ఆపైన ఇన్నేళ్ల అరుగుదల. 62లో మీ చేతికి అందేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

అందుకని మొదట నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, చూపించండి. హీటర్ ప్లగ్గులు విప్పి, గేజ్ పెట్టి, బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండగా చూడాలి. సిలిండర్ల మధ్య తేడా 3, 4 బార్ (ఒత్తిడి కొలత) దాటితే రింగులో, వాల్వులో, గ్యాస్కెట్టో ఏదో పోయినట్టు. తర్వాత నాజిళ్లు విప్పించి స్ప్రే చూపించండి. పొగమంచులా పడాలి, ధారగా కారకూడదు. పంపుని బెంచి మీద కాలిబ్రేట్ చేయించండి. ఈ ఎత్తుకి తగ్గట్టు డీజిల్ కొంచెం తగ్గించమనండి. పొగ తగ్గుతుంది, మైలేజీ కూడా కాస్త పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ బాత్ రకమైతే ఆయిల్ మార్చి ఎంత కాలమైందో చూడండి. ముందు చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడండి. డ్రమ్ములో లైనర్ పట్టేసి ఉంటే ఇంజన్‌కి అదొక పెద్ద బరువు. ఎవరికీ తట్టనిది, నేను మళ్లీ మళ్లీ చూసినది ఇంకోటి ఉంది. యాక్సిలరేటర్ కేబుల్ సాగిపోయి పెడల్ పూర్తిగా తొక్కినా పంపు లివర్ చివరిదాకా వెళ్లదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి పెడల్ తొక్కించి, బానెట్ తెరిచి కళ్లతో చూడండి. రూపాయి ఖర్చు లేని పరీక్ష.

వీటన్నిటితో పాటు టైర్లు మళ్లీ మామూలు సైజుకి మార్చి ఒకసారి హార్స్‌లీ హిల్స్ ఎక్కించండి. ఆ తర్వాత కూడా టర్బో కావాలనిపిస్తే, కింద రాసింది చదవండి.

కొత్త థార్‌లా లాగుతుందన్న మాట తీసుకుందాం. థార్ పెద్ద డీజిల్ ఇంజన్ 2184 సీసీ. మీ ఇంజన్ కంటే 72 సీసీ మాత్రమే ఎక్కువ. కానీ అది ఇచ్చేది 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ తేడా అంతా టర్బో ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. అందులో డీజిల్ వెయ్యి బార్లకి పైన ఒత్తిడితో పడుతుంది, ఎప్పుడు ఎంత పడాలో కంప్యూటర్ చూసుకుంటుంది. పిస్టన్ దగ్గర నుంచి రేడియేటర్ దాకా ఆ వేడి కోసమే తయారైన బండి అది. మీ నాజిల్ తెరుచుకునేదే 120 బార్ చుట్టుపక్కల. టర్బో బిగించగానే 540 థార్ అయిపోదు.

ఇక్కడే అసలు విషయం ఉంది, కాస్త ఓపికగా చదవండి. టర్బో అనేది సైలెన్సర్‌కి పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, ఆ చక్రం ఇరుసు మీదే ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని ఇంజన్‌లోకి కుక్కుతుంది. అది ఇచ్చేది గాలి. బలం ఇచ్చేది డీజిల్. పంపు ముట్టుకోకుండా తక్కువ బూస్ట్‌తో (టర్బో గాలికి అదనంగా ఇచ్చే ఒత్తిడి) టర్బో పెడితే పొగ తగ్గుతుంది, లాగుడు ఒక మోస్తరుగా పెరుగుతుంది. కస్టమర్‌కి ఆ మోస్తరు చాలదు కాబట్టి షెడ్డులో డీజిల్ కొలత పెంచే పంపు స్క్రూ తిప్పుతారు. ఇంజన్లు పోయేది ఆ స్క్రూ దగ్గరే. డీజిల్ ఎంత ఎక్కువ పడితే లోపల వేడి అంత పెరుగుతుంది.

గాలిని నొక్కితేనే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని అర బార్ బూస్ట్‌కి నొక్కితే టర్బో నుంచి బయటికి వచ్చేటప్పటికి 80 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకపోతే ఆ వేడి నేరుగా సిలిండర్‌లోకే. మీ ఇంజన్ ఇండైరెక్ట్ ఇంజెక్షన్ రకం. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలో అంటుకుని, ఇరుకైన దారి గుండా కిందికి దూసుకొస్తుంది. ఆ గదీ ఆ దారీ మామూలుగానే బాగా కాగుతాయి, ఆ వేడిలో చాలా భాగం నీళ్లలోకి పోతుంది. కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) కూడా 22 చుట్టుపక్కల ఉంటుంది. పైన బూస్ట్ తోడైతే మొదట తెలిసేది టెంపరేచర్ గేజ్‌లో, తర్వాత హెడ్ గ్యాస్కెట్‌లో, ఆ తర్వాత వాల్వుల మధ్య హెడ్ పగుళ్లలో. ఫ్యాక్టరీలో టర్బో పెట్టేటప్పుడు సాధారణంగా పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, గట్టి గ్యాస్కెట్, పెద్ద రేడియేటర్, ఆయిల్ కూలర్ కలిపి ఇస్తారు. 85 వేల కిట్‌లో ఇవేవీ ఉండవు.

కంపెనీలు పాత ఇంజన్లకి టర్బో పెట్టలేదా అంటే, పెట్టాయి. మీ ఇంజన్ బంధువునే తీసుకోండి, ప్యూజో 1979లో 604 కారులో 2304 సీసీ డీజిల్‌కి టర్బో పెట్టి అమ్మింది. మన దగ్గర టాటా సియెరా 1948 సీసీ ఇంజన్ మొదట అరవై చిల్లర హార్స్‌పవర్ ఇచ్చేది, టర్బో వచ్చాక 90 అయింది. ఆ ఇంజన్లని బెంచి మీద రాత్రింబవళ్లు నడిపి చూసే వసతి వాళ్లకుంది.

ఇక కాగితాల సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నేను తీసుకోలేను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని రాశారు. మీ బండి 15 ఏళ్లు ఎప్పుడో దాటింది, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యూ చేయించుకోవాలి. ఆ రోజు బానెట్ తెరిస్తే టర్బో కనబడుతుంది. అంతకంటే నాకు భయం ఇన్సూరెన్స్ విషయంలో. చెప్పకుండా చేసిన మార్పు ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ కాదనడానికి వాళ్లకి అదొక కారణం దొరుకుతుంది. మీరు మదనపల్లె దాకా హైవే మీద, బహుశా ఇంటివాళ్లతో వెళ్తారు. ఆ రిస్క్ మీకొద్దు.

బ్రేకుల గురించి కూడా ఆలోచించండి. మీ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఘాట్ ఎక్కే వేగం పెరిగితే రోడ్డంతా మీ వేగం పెరుగుతుంది, బ్రేకులు మాత్రం 1995వే.

నేనైతే ఆ 85 వేలలో కొంత నాజిళ్లకి, పంపుకి, బ్రేకులకి పెడతాను. కొంత రేడియేటర్ కోర్ మార్పించడానికి పెడతాను. మిగిలింది దాచుకోమంటాను. మట్టి దారుల్లో, రాళ్లలో ఎక్కాల్సి వస్తే ఫోర్ బై ఫోర్ ‘లో రేంజ్’ (నాలుగు చక్రాలూ లాగే, బాగా కింది గేరు) వేయండి, చక్రం మీద లాగుడు రెండింతలకి పైనే పెరుగుతుంది. ఆ లివర్ మీ నాన్నగారు వాడే ఉంటారు. చాలామంది కొత్తవాళ్లు దాన్ని ముట్టుకోకుండానే బండికి బలం లేదంటారు. తారు రోడ్డు మీద మాత్రం లో రేంజ్ వేయకండి, గేర్లు బిగుసుకుంటాయి.

ప్రశ్న: కె.ఆర్. పురంలో ఉంటాను. శ్రీనివాసపుర దగ్గర మాకు మామిడి తోట ఉంది. అక్కడ తిప్పడానికి పాత ఎంఎం 550 కొన్నాను, దానికి ముందు ఓనరే టర్బో పెట్టించాడు. బండి తోట దాటదు. బాగానే లాగుతుంది గానీ దిగుడులో కాలు తీసేసి మళ్లీ తొక్కితే నీలం పొగ వస్తోంది. మెకానిక్ టర్బో సీల్ పోయిందని ఒకసారి మార్చాడు, మళ్లీ అదే. ఏం చేయాలన్నా?
ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: తమ్ముడూ, ఇంకో టర్బో కొనకు. ముందు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడి నుంచి గాలి బుసబుసమని కొడుతుంటే రింగులు అరిగి, సిలిండర్ లోపలి ఒత్తిడి కింద ఆయిల్ ఉండే సంపులోకి దిగుతోందన్నమాట. టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది, తిరిగి రావడం మాత్రం తన బరువుతో కిందికి జారడమే. సంపులో గాలి ఎదురు తంతుంటే ఆ ఆయిల్ దిగలేక టర్బోలోనే నిలిచి, సీల్ దాటి గొట్టాల్లోకి పోయి ఇంజన్‌లో కాలుతుంది, నీలం పొగ అదే. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా నీలం పొగ పోదు. ఇంజన్ దించి రింగులు, అవసరమైతే రీబోర్ (సిలిండర్ లోపల తొలిచి సాపు చేయడం), అంతే దారి.

గాలి కొట్టకపోతే ఆయిల్ దిగే గొట్టం చూడు. వేలెడు లావు ఉండాలి, ఎక్కడా మడత పడకూడదు, మధ్యలో పైకి లేచి దిగకూడదు, సంపులో ఆయిల్ మట్టం కంటే పైన కలవాలి. బయట పెట్టించిన టర్బోల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే చూశాను. దారి దొరికిన చోట గొట్టం లాగేసి వదిలేస్తారు. వాల్వు గైడ్లు అరిగినా దిగుడులో నీలం పొగ వస్తుంది కాబట్టి, టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే గాలి గొట్టం విప్పి లోపల వేలితో రాసి చూడు. ఆయిల్ తడి బాగా ఉంటే టర్బో, పొడిగా ఉంటే గైడ్లు అనుకోవచ్చు.

గొట్టం విప్పినప్పుడే ఇరుసుని వేళ్లతో పట్టుకుని కదిలించు. పక్కకి కొంచెం కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసిందంటే బేరింగ్ అరిగింది. చక్రం రెక్కలు గూటికి రాసుకున్న గీతలు ఉంటే ఆ టర్బోని వెంటనే తీసేయి. అది నిమిషానికి లక్ష చుట్లకి పైన తిరిగే వస్తువు, రెక్క విరిగితే ముక్కలు నేరుగా ఇంజన్‌లోకే పోతాయి.

నీ బండిలోది ఎక్స్‌డి3పి అయి ఉంటుంది, 2498 సీసీ. తోటలో ట్రాలీ కట్టి లాగుతుంటావు కాబట్టి ఒక ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ తప్పకుండా పెట్టించు. సెన్సర్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టంలో, టర్బోకి ముందే ఉండాలి. బరువు లాగేటప్పుడు 650 డిగ్రీలు దాటుతుంటే కాలు తగ్గించి కింది గేరు వేసుకో. 700 దాటనివ్వకు. నీళ్ల టెంపరేచర్ ముల్లు ఆలస్యంగా కదులుతుంది, అది ఎరుపులోకి వచ్చేసరికి లోపల నష్టం అయిపోయి ఉంటుంది. 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ వేసి, తోటలో కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి మీటర్ చూడకుండా ఆరు నెలలకోసారి మార్చు. బరువు పని అయ్యాక వెంటనే తాళం తీయకు. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు, లేకపోతే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడి దారి మూసేస్తుంది. నీ పనివాళ్లకి కూడా ఈ సంగతి నువ్వే దగ్గరుండి చెప్పు. బండి ఎక్కువ నడిపేది వాళ్లే కదా.

ప్రశ్న: నా దగ్గర 2004 మారుతి జిప్సీ కింగ్ ఉంది. పెట్రోల్. దీనికి చిన్న టర్బో పెట్టొచ్చా?
ఒక పాఠకుడు, యలహంక

జవాబు: వద్దండి. పెట్రోల్ ఇంజన్‌లో గాలీ పెట్రోలూ ముందే కలిసి లోపలికి వెళ్తాయి. బూస్ట్ ఇస్తే స్పార్క్ రాకముందే అంటుకునే ప్రమాదం ఉంది. మీ 1298 సీసీ ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే) ఇంజన్ కంప్యూటర్‌కి బూస్ట్ అంటే ఏమిటో తెలియదు. దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచదు, స్పార్క్ వెనక్కి జరపదు. వేరే కంప్యూటర్, పెద్ద ఇంజెక్టర్లు, ట్యూనింగ్, అన్నీ కలిపితే ఖర్చు బండి విలువకి దగ్గరగా వస్తుంది, అయినా పిస్టన్లు పోతాయి. చట్టం సంగతి పైన రాసిందే మీకూ వర్తిస్తుంది. జిప్సీ గొప్పతనం దాని తేలిక బరువు. పైన వేసిన ఇనప క్యారియర్లు, ముందున్న లావు బంపర్ తీసేసి ఒకసారి నంది కొండ ఎక్కించి చూడండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. శివాజీనగర్ గుజిరీలో లారీ టర్బో ఒకటి చవగ్గా దొరికింది. కాలేజీ ప్రాజెక్టుకి రెండు లీటర్ల పాత డీజిల్ మీద పెడదామని. టర్బో పెద్దదైతే బలం ఎక్కువే కదా సార్?
ఒక విద్యార్థి, కెంగేరి

జవాబు: కాదు బాబూ. లారీ ఇంజన్ ఐదారు లీటర్లది, దాని పొగ ఎక్కువ. నీ రెండు లీటర్ల ఇంజన్ వదిలే పొగతో ఆ పెద్ద చక్రం తిరగడం మొదలయ్యేసరికి ఇంజన్ దాదాపు చివరి వేగానికి వచ్చేస్తుంది. కింద లాగుడు ఇప్పటికంటే తగ్గుతుంది కూడా, ఎందుకంటే పొగ దారికి ఆ టర్బోనే అడ్డు. నీ ఇంజన్ సీసీ, గరిష్ట ఆర్‌పీఎం, కావలసిన బూస్ట్ తీసుకుని నిమిషానికి ఎంత గాలి కావాలో ముందు కాగితం మీద లెక్క వెయ్యి. ఆ గాలి ఏ టర్బో కంప్రెసర్ మ్యాప్ (ఏ ఒత్తిడికి ఎంత గాలి ఇస్తుందో చూపే పటం) మధ్యలో పడుతుందో చూసుకుని అప్పుడు గుజిరీకి వెళ్లు. 1.5 నుంచి 2.5 లీటర్ల ఫ్యాక్టరీ టర్బో డీజిళ్ల నుంచి తీసిన టర్బోలు అక్కడే దొరుకుతాయి. బిగించే ముందు ఆయిల్ దారులు డీజిల్‌తో కడిగి, మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బోలో చేత్తో కొంచెం ఆయిల్ పొయ్యి. లెక్క వేశాక నాకు పంపిస్తే చూసి పెడతాను.